ముహూర్తం దాటకుండా వేసిన రాడ్డు

వెంకటనారాయణ కాలు విరిగింది గుంటూరు మిర్చి యార్డులో, మిరపకాయకు ధర నిలబడాలని మాట్లాడుతున్నప్పుడు.

అతను పర్చూరు వైపు రావిగుంటపాడుకు సర్పంచి. నలుగురు చేరిన చోట తాను లేకపోతే ఆ నలుగురికీ ఏదో వెలితిగా ఉంటుందని అతని గట్టి నమ్మకం. ఎనభై ఏడో సంవత్సరం మార్చిలో ధర పడిపోయి, యార్డులో రైతులు గుమిగూడి కేకలు వేస్తున్నారు. కింద నిలబడి మాట్లాడితే వెనక వరసకు కనపడనని అతను మిర్చి బస్తాల మీదికెక్కాడు. ఒక వరస ఎత్తు చాలదనిపించి రెండోది ఎక్కాడు. అక్కడి నుంచి చూస్తే మూడోది కూడా దగ్గర్లోనే ఉంది. "ధర ఒక్క మెట్టు కూడా దిగడానికి వీల్లేదు" అని చెయ్యెత్తాడో లేదో, అడుగు బస్తా జారింది. పైవన్నీ దాని వెనకే వచ్చాయి, సర్పంచితో సహా.

పగిలిన బస్తాల్లోంచి ఘాటు లేచింది. అతన్ని ఎత్తడానికి వచ్చినవాళ్లందరి కళ్ల వెంటా ధారగా నీళ్లు. తొడ దగ్గర కాలు వంకరగా పడి ఉంది, నొప్పికి ఊపిరాడటం లేదు. అయినా ఆ కళ్లనీళ్లు చూసేసరికి, తన మీద జనానికి ఇంత ప్రేమ ఉందా అని వెంకటనారాయణకు గుండె నిండిపోయింది.

ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న దగ్గర మాట పట్టింపు వచ్చింది. అతని బావమరిది ఆదెయ్య మిషను ఆసుపత్రి పేరు చెప్పాడు.

"అక్కడి డాక్టరమ్మ ఎముకలు బాగా చూస్తదంట బావా. మన తోమా కాలు అతికింది అక్కడే గదా."

తోమా వెంకటనారాయణ పొలంలో పనిచేసే మనిషి. ముందటేడు బండి మీంచి పడి తొడ విరగ్గొట్టుకున్నాడు. మిషను ఆసుపత్రిలో అతని కాలికి ఇటికెలు వేలాడగట్టి వారాల తరబడి పడుకోబెట్టారు. ఇప్పుడు మళ్లీ బస్తాలు మోస్తున్నాడు.

"మన పాలేరు పడుకున్న మంచం మీద నన్ను పడుకోబెడతావట్రా?" అన్నాడు వెంకటనారాయణ. అంత నొప్పిలోనూ ఆ మాట స్పష్టంగానే వచ్చింది.

చిలకలూరిపేటలో డాక్టర్ పిచ్చేశ్వరరావు కొత్తగా ఎముకల నర్సింగ్ హోమ్ పెట్టాడు. హస్తవాసి మంచిదని పేరు. ఎక్స్‌రే చూసి, తొడ ఎముకలోకి స్టీలు రాడ్డు దించాలన్నాడు. రేపే పాత గదిలో చేసేయొచ్చన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"శుక్రవారం మా కొత్త ఏసీ థియేటర్ ప్రారంభోత్సవమండి. ఎమ్మెల్యే గారు వస్తున్నారు. మొట్టమొదటి ఆపరేషన్ మీలాంటి వారిదైతే..."

ఆ వాక్యం పూర్తి చేసే అవసరం డాక్టరుకు రాలేదు. వెంకటనారాయణ తలూపేశాడు.

అతని భార్య రాఘవమ్మకు ఇది మింగుడుపడలేదు. "విరిగిన ఎముక్కి ముహూర్తమేంటండీ? పెళ్లా, పేరంటమా?" అంది.

"నీకు తెలీదు, ఊరుకో. పేపర్లో ఫోటో వేస్తారు."

కాలికి బద్ద కట్టి, అటూ ఇటూ ఇసక మూటలు పెట్టి, శుక్రవారం దాకా పడుకోబెట్టారు. ఒళ్లు కదిలినప్పుడల్లా లోపల ఎముక కొసలు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. అతను పళ్లు బిగించి, ఆ రోజు ఏ లాల్చీ తొడుక్కోవాలా అని ఆలోచిస్తూ గడిపాడు. ఆపరేషన్‌కు లాల్చీ ఉండదని నర్సు చెప్పినప్పుడు మాత్రం మనసు కొంచెం చివుక్కుమంది.

శుక్రవారం వచ్చింది. థియేటర్ గుమ్మానికి మామిడి తోరణం కట్టారు. గుమ్మం పక్కన తెల్లటి రబ్బరు చెప్పులు వరసగా పెట్టారు, లోపలికి వెళ్లేవాళ్లు వేసుకోవాలని. ఎమ్మెల్యే గారు వాటి వంక చూసి, అలంకారమనుకున్నారో ఏమో, తన చెప్పులతోనే లోపలికి నడిచారు. ఎమ్మెల్యే గారే చెప్పులు విప్పనప్పుడు మనం విప్పితే ఆయన్ను తప్పు పట్టినట్టుంటుందని మిగతావాళ్లు కూడా విప్పలేదు. మండలాధ్యక్షుడు, మిల్లు యజమానులు, పత్తి వ్యాపారులు, వాళ్లతో వచ్చినవాళ్లు, వీళ్లెందుకు వెళుతున్నారో చూద్దామని వచ్చినవాళ్లు, అందరూ లోపలే. పంతులు గారు పెద్ద లైటుకు పసుపు కుంకుమలు పెట్టారు. పనిముట్ల ట్రేకు కూడా పెట్టబోయి, నర్సు చెయ్యి అడ్డం పెడితే, అంచుకు మాత్రం పెట్టి సరిపెట్టారు. కొబ్బరికాయ గట్టిగా కొట్టారు. నీళ్లు చిమ్మి టేబుల్ కింద మడుగు కట్టాయి. హారతి పొగ ఏసీ గాలికి గదంతా తిరిగింది.

వెంకటనారాయణ టేబుల్ మీద పడుకుని ఉన్నాడు, మెడలో బంతిపూల దండతో. నడుముకు మత్తు సూది ఇచ్చారు కాబట్టి కింది భాగం తెలియడం లేదు గానీ, పైన అన్నీ తెలుస్తున్నాయి. ఎవరెవరు వచ్చారో తల తిప్పి చూసుకున్నాడు.

"ఇదేనా ఆ రాడ్డు?" అని ఎమ్మెల్యే గారు ట్రేలోంచి దాన్ని తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, "మంచి సరుకే" అని మండలాధ్యక్షుడికిచ్చారు. ఆయన వేలితో మీటి చూశాడు. అది ఇద్దరు ముగ్గురి చేతులు మారి మళ్లీ ఎమ్మెల్యే గారికి చేరింది. ఫోటోగ్రాఫరు పనిముట్ల స్టూలు మీదికెక్కి, "సార్, ఇటు చూడండి" అన్నాడు. చప్పట్లు మోగాయి.

అందరూ టిఫిన్లకు వెళ్లాక నర్సు మెల్లగా అంది. "సార్, రాడ్డు మళ్లీ ఉడకబెట్టాలి."

గుమ్మం దగ్గర పంతులు గారు గడియారం చూసుకుంటున్నారు. "ముహూర్తం దాటిపోతోంది డాక్టరు గారూ."

పిచ్చేశ్వరరావు తెలియనివాడు కాదు. మెడికల్ కాలేజీలో ఈ సంగతి మీదే ఒక సాయంత్రమంతా ఉపన్యాసం విన్నవాడు. నర్సు వంక చూశాడు, గుమ్మం వంక చూశాడు. బయటి నుంచి ఎమ్మెల్యే గారి నవ్వు వినిపించింది. "స్పిరిట్‌లో ముంచి ఇవ్వు" అన్నాడు.

రాడ్డు ముహూర్తం దాటకుండానే ఎముకలోకి దిగింది.

రెండు రోజులు అంతా బాగుంది. మూడో రోజు సాయంత్రం చలి పెట్టి జ్వరం వచ్చింది. కుట్లు ఎర్రబడ్డాయి. డాక్టరు చూసి, "రియాక్షన్. కొత్త వస్తువు గదా, ఒంటికి అలవాటు పడాలి" అన్నాడు. తర్వాత కుట్ల సందుల్లోంచి తడి ఊరడం మొదలైంది. "సీరమ్. మంచిదే, బయటికి పోవాలి" అన్నాడు. ఆ తడి చిక్కబడి పచ్చబడింది. "కొవ్వు. కరిగి వస్తోంది. మీరు బలమైన మనిషి గదా" అన్నాడు. ఈ చివరి మాట వెంకటనారాయణకు నచ్చింది.

చూడ్డానికి వచ్చేవాళ్లకు లెక్క లేదు. రావిగుంటపాడు నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. వచ్చిన ప్రతివాడూ మంచం మీద కూర్చుని, దుప్పటి ఎత్తి చూసి, "అబ్బో" అనేవాడు. చూడకుండా వెళితే తనకు మర్యాద తక్కువైనట్టు, వెంకటనారాయణే దుప్పటి తీసి చూపించేవాడు. ఒక పెద్దమనిషి పత్తి చేలో మందు కొట్టించి నేరుగా వచ్చి, వాపు ఎంతుందోనని బొటనవేలితో నొక్కి చూశాడు కూడా.

ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పారు. కందిపప్పు తిన్నాడు, అందుకే రసి పట్టిందన్నారు. పప్పు మానేశాడు. వంకాయ అన్నారు, వంకాయ పోయింది. గోంగూర, గుమ్మడికాయ, గుడ్డు, ఒక్కొక్కటే విస్తట్లోంచి లేచి వెళ్లిపోయాయి. చివరికి బీరకాయ, చారు మిగిలాయి. ఇనుము శనీశ్వరుడి లోహమని, దాన్ని శుక్రవారం నాడు ఒంట్లో పెట్టించుకోవడమే పొరపాటని పంతులు గారు ఇప్పుడు కనిపెట్టారు. గదిలో వాసన తెలియకుండా డాక్టరు పొద్దున సాయంత్రం అగరొత్తులు వెలిగించమన్నాడు.

ఒకనాడు కట్టు మారుస్తుంటే రాఘవమ్మ డాక్టరును అడిగేసింది.

"అది చీము గదండీ?"

పిచ్చేశ్వరరావు మొహం గంటు పెట్టుకున్నాడు. "అమ్మా, ఏసీ థియేటర్‌లో చేసిన కేసు ఇది. చీము అనే మాట ఇక్కడ వాడకూడదు. పక్క రూముల్లో పేషెంట్లున్నారు."

"మాట వాడకపోతే పోద్దా అండీ? నాకు చదువు లేదు గానీ, ముక్కుంది."

ఆ మధ్యాహ్నం జ్వరం తలకెక్కి వెంకటనారాయణ ఎవరికో ఓట్లు వేయమని చెబుతుంటే, రాఘవమ్మ ఇక ఎవర్నీ అడగలేదు. ఆదెయ్యతో జీపు తెప్పించి, మిషను ఆసుపత్రికి తీసుకెళ్లింది. జీపు కుదుపులకు స్పృహ వచ్చినప్పుడు వెంకటనారాయణ ఒకే కోరిక కోరాడు. నర్సింగ్ హోమ్ గదిలో గోడకు తగిలించిన ప్రారంభోత్సవం ఫోటో వెంట తీసుకురమ్మన్నాడు.

మిషను ఆసుపత్రిలో ఎముకల డాక్టరు సంతోషకుమారి. నడివయసు మనిషి. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు, అందువల్ల ఆమె చెప్పేది వినడానికి ఎదుటివాళ్లు నోరు మూసుకోవాల్సి వచ్చేది. ఆమె కట్టు విప్పి చూసింది, జ్వరం చీటీ చూసింది. తర్వాత మంచం పక్కన నిలబెట్టి ఉన్న ఫోటో చూసింది. దాన్ని చాలాసేపు చూసింది.

"ఈయన చేతిలో ఉన్నదేంటండీ?"

"అదేనండి, నాకు వేసిన రాడ్డు. పట్టుకున్నది ఎమ్మెల్యే గారు." ఆ నీరసంలోనూ వెంకటనారాయణ గొంతు కాస్త లేచింది.

"చేతులకు గ్లోవులు లేవే?"

"ఆయనకు ఉంగరాలుంటాయండి. ఎక్కవు."

"మరి ఎవరికీ మాస్కుల్లేవేం?"

"మాస్కు పెడితే మొహాలు పడవు గదండీ."

సంతోషకుమారి నవ్వలేదు, కోప్పడలేదు. "ఇది ఇక్కడ గోడకు పెట్టడానికి వీల్లేదండి" అంది.

"ఏం, యేసు ప్రభువు ఫోటోలే పెట్టాలా?"

"అదేం లేదు. మా నర్సులు చూస్తే హడలిపోతారు."

మర్నాడు గాయం మళ్లీ తెరిచింది. చీము కడిగి, చచ్చిన కండ కోసి తీసేసింది. రాడ్డు మాత్రం కదపలేదు. ఎముకను పట్టుకుని ఉన్నది అదొక్కటే, ఎముక అతుక్కున్నాక తీసేద్దామంది. గాయం కుట్టకుండా వదిలేసి, లోపల గుడ్డ కుక్కి, రోజూ తీసి, కడిగి, మళ్లీ కుక్కేవారు. ఆ సమయంలో వెంకటనారాయణ అరుపులకు వార్డు చివరి పేషెంట్లు కూడా ఉలిక్కిపడేవాళ్లు. ఊళ్లో ఎవరూ వినలేదు గదా అన్నదొక్కటే అతనికి ఊరట.

చీమును పరీక్షకు పంపారు. ఏ సూక్ష్మజీవి పట్టిందో, దానికి ఏ ఇంజెక్షను పనిచేస్తుందో సంతోషకుమారి వచ్చి చెప్పింది. దాని పేరు అతని నోరు తిరగలేదు. అర్థమేమిటని అడిగాడు.

"గిన్నెలో పెంచితే బంగారు రంగులో పెరుగుతుందండి. అందుకని ఆ పేరు."

"బంగారమా?" వెంకటనారాయణ దిండు మీంచి తలెత్తాడు. "అంటే మామూలు వాళ్లకు రాదా ఇది?"

"అందరి చర్మం మీదా, ముక్కుల్లోనూ ఉంటుందండి. మీకు, నాకు, ఎమ్మెల్యే గారికి. లోపలికి మాత్రం వెళ్లకూడదు. మీకు దారి చూపించి మరీ పంపారు."

అతను మొదటి సగమే పట్టించుకున్నాడు. కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా "ఇది బంగారు రకమంట" అని చెప్పేవాడు.

కిటికీ దగ్గరికే ఎందుకంటే, లోపలికి ఎవరూ రాకూడదని ఆజ్ఞ. భార్య తప్ప, ఆమె కూడా చేతులు కడుక్కున్నాకే. రావిగుంటపాడు జనానికి ఇది తల కొట్టేసినట్టయింది. "సర్పంచిని చూడనియ్యకపోవడమేంటి?" అని గేటు దగ్గర ఒకటి రెండుసార్లు పెద్దగా మాట్లాడారు. సర్పంచికి వాళ్ల కంటే ఎక్కువ బాధగా ఉంది. ఒక మధ్యాహ్నం రాఘవమ్మ కాఫీ కోసం ఫ్లాస్కు పట్టుకుని వెళ్లగానే, అతను కిటికీలోంచి సైగ చేశాడు. వెనక వరండాలోంచి ముగ్గురు లోపలికొచ్చారు. ఒకతను మంచం మీద, సరిగ్గా కట్టు పక్కనే కూర్చున్నాడు. దుప్పటి లేచింది. "అబ్బో" అన్నారు.

రాఘవమ్మ తిరిగొచ్చింది. ఫ్లాస్కు కింద పెట్టింది. ముగ్గుర్నీ వచ్చిన దారినే బయటికి పంపి, తలుపు వేసి, మొగుడికి ఎదురుగా నిలబడింది.

"వాళ్లందరికీ మీ కాలు చూడ్డం కావాలండీ. నాకు మీ కాలు కావాలి."

"వాళ్లు అభిమానంతో..."

"అభిమానమే. అభిమానంతోనే తోరణాలు కట్టారు, అభిమానంతోనే టెంకాయ కొట్టారు, అభిమానంతోనే ఆ చువ్వని తలా కాసేపు పట్టుకున్నారు. మీ మీద కోపమున్నోడు ఒక్కడైనా ఆ గదిలో ఉంటే, అందర్నీ తిట్టి బయటికి తోలేవాడు. కాలు తీసెయ్యాల్సొస్తదేమోనని డాక్టరమ్మ నాతో అంది. మీతో అనొద్దంది. ఇప్పుడంటున్నా."

ఆమె ఏడవలేదు. కాఫీ పోసి ఇచ్చింది. వెంకటనారాయణ గ్లాసు పట్టుకుని, చల్లారేదాకా తాగకుండా కూర్చున్నాడు. మళ్లీ ఎవరికీ సైగ చేయలేదు.

వేసవి ముదిరింది. కిటికీ దగ్గరికొచ్చేవాళ్లు తగ్గారు. పంచాయతీ పనులు ఉపసర్పంచి చూస్తున్నాడని, బాగానే చూస్తున్నాడని తెలిసింది. ఆ "బాగానే" అన్న మాట అతన్ని గాయం కంటే ఎక్కువ సలిపింది. తాను లేకపోతే ఊరు వెలవెలబోతుందనుకున్నాడు. ఊరు కాయలమ్ముకుని, పెళ్లిళ్లు చేసుకుని, చెరువు పూడిక తీయించుకుంటోంది.

ఒక ఆదివారం ప్రార్థన ముగిశాక తోమా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కిటికీకి అవతల నిలబడ్డాడు.

"లోపలికి రావొద్దన్నారంటగా అయ్యా. ఇక్కడే ఉంటా."

వెంకటనారాయణ అతని కాలి వంక చూశాడు. మామూలుగా నిలబడి ఉంది. "నువ్వు కూడా ఇక్కడే గదరా పడుకుంది?"

"అదిగో, ఆ జనరల్ వార్డులోనండి. కాలికి ఇటికెలు కట్టారు."

"అన్ని రోజులు ఎట్టా గడిపావురా? నాకు పిచ్చెక్కుతోంది."

"మొదట్లో మీ చేలో నా బదులు ఎవరెళ్తున్నారోనని అనుకుంటా ఉండేవాణ్ణండి. అంకమ్మ కొడుకుని పెట్టుకున్నారని మా ప్రేమమ్మ చెప్పింది. ఇంక అనుకోడానికేం లేక, నిద్రపోయేవాణ్ణి."

అతను దెప్పిపొడవలేదు. అడిగినదానికి జవాబు చెప్పాడంతే. తోమా అంత కాలం పడుకుంటే తానొక్కసారైనా ఆ వార్డు కిటికీ దాకా వచ్చాడా అని వెంకటనారాయణ వెతుక్కున్నాడు. రాలేదు. ఎవరితోనైనా కబురు పంపాడా? పంపినట్టే గుర్తు, కాయ కోతలకు ఎప్పటికొస్తావని.

"కూర్చోరా" అన్నాడు చివరికి.

"ఇక్కడ కూర్చుంటే మీకు కనపడనండి" అన్నాడు తోమా. నిలబడే ఉన్నాడు, రాఘవమ్మ వచ్చిందాకా.

ఆ తర్వాత కొన్నాళ్లకు డాక్టర్ పిచ్చేశ్వరరావు కూడా వచ్చాడు. కారు గేటు బయటే వదిలేసి, నడిచి వచ్చాడు. ఏసీ థియేటర్‌లో తర్వాత చేసిన కేసుల్లో మరికొందరికి కూడా పచ్చటి కొవ్వు కరిగిందని, ఒక పత్తిమిల్లు కూలీ మోకాలు బిగుసుకుపోయిందని ఆదెయ్య అప్పటికే చెప్పి ఉన్నాడు. పిచ్చేశ్వరరావు ముందు సంతోషకుమారి గదిలో చాలాసేపు కూర్చున్నాడు. ఆమె తన థియేటర్ చూపించడానికి తీసుకెళ్లి, బూట్లు విప్పేదాకా గుమ్మం దగ్గరే నిలబెట్టిందని నర్సులు చెప్పుకున్నారు. అక్కడి నుంచి అతను వెంకటనారాయణ దగ్గరికొచ్చాడు.

"థియేటర్ మూసేశానండి. గోడలు కడిగించి, మందు పొగ పెట్టిస్తున్నా" అన్నాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. "ఆ రోజు నాకు తెలుసండి. రాడ్డు వాళ్ల చేతుల్లో చూసినప్పుడే తెలుసు. నోటిదాకా వచ్చింది. ఎమ్మెల్యే గార్ని బయటికి వెళ్లమని ఎట్టా అనేది?"

రాఘవమ్మ ఏదో అనబోయింది. వెంకటనారాయణ చెయ్యెత్తి ఆపాడు.

"నేను మాత్రం అన్నానా డాక్టరు గారూ? కాలు నాది. టేబుల్ మీద పడుకుని, దండ నలక్కుండా చూసుకుంటున్నా."

పిచ్చేశ్వరరావు తలూపాడు. వెళుతూ వెళుతూ గాయం చూస్తానని చెయ్యి చాపి, మధ్యలోనే గుర్తొచ్చి, చేతులు కడుక్కోవడానికి కుళాయి ఎక్కడుందని అడిగాడు.

వానలు వెనకబట్టే సమయానికి ఎముక అతుక్కుంది. రాడ్డు తీసేశారు. గాయం లోపలి నుంచి పైకి పూడుతూ వచ్చి, ఆఖరికి మూతబడింది. తొడ మీద అరచెయ్యంత గుంట మిగిలింది. కాలు కొంచెం పొట్టిదైంది, మోకాలు పూర్తిగా వంగదు. చిలకలూరిపేటలో ఒక వైపు మందం అట్ట వేసిన చెప్పులు కుట్టించుకున్నాడు. కర్ర పట్టుకుని రావిగుంటపాడులో బస్సు దిగిన రోజు మేళం పెట్టాలని కొందరు అనుకున్నారు. రాఘవమ్మ ముందే కబురు పంపి, బస్సు దగ్గరికి ఎవరూ రావద్దని చెప్పించింది. వెంకటనారాయణ ఇంటిదాకా నడుస్తూ దారి పొడుగునా అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేకపోవడం కాస్త కష్టంగానే ఉంది.

నాలుగు రోజులు ఇంట్లో ఉండి, ఒక సాయంత్రం కర్ర తీసుకుని ఊరి చివర తోమా వాళ్లుండే పల్లెలోకి బయల్దేరాడు. చర్చి దాటాక ఏ ఇల్లో తెలియక ఒకరిద్దర్ని అడిగాడు. తోమా ఇంటి ముందు అతని భార్య ప్రేమమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. సర్పంచిని చూసి కంగారుగా లేచింది.

"ఆయన చేలోనే ఉన్నాడయ్యా, మీ చేలోనే. ఇంకా రాలేదు. ఏమన్నా పనా అండీ?"

"పనేం లేదు. చూసిపోదామని."

"ఎవర్నండీ?"

"మీ వాణ్ణే. మిమ్మల్నే."

ప్రేమమ్మ అతని మొహంలోకి చూసింది. అతను వచ్చిన దారి వంక చూసింది, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ లేరు. ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"ఎలక్షన్లు వచ్చినాయా అండీ?"

"లేదమ్మా" అన్నాడు వెంకటనారాయణ. నిజానికి పంచాయతీ ఎన్నికలు రాబోతున్నాయి. ఆ సంగతి అతనికి ఆ క్షణంలో నిజంగానే గుర్తులేదు.

ప్రేమమ్మ నమ్మలేదు. అయినా మర్యాద తెలిసిన మనిషి. లోపల్నుంచి స్టూలు తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. చెంబుతో నీళ్లు ఇచ్చి, మళ్లీ చేట ముందు కూర్చుంది. వెంకటనారాయణ వంగని కాలు ముందుకు చాపుకుని కూర్చున్నాడు. తోమా వచ్చేదాకా లేవలేదు.